ఏడంకాల నాటకం, రెండున్నర గంటల సమయం

వచ్చే శుక్రవారం నుంచి మా డిపార్ట్‌మెంట్ నాటకాలు మొదలవుతున్నాయి. మూడు వారాలు, మూడు నాటకాలు. మొదటి వారం తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగం నుంచి రాయబారం ఘట్టం, రెండో వారం గురజాడ కన్యాశుల్కం, మూడో వారం గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ఆంటిగొని తెలుగు అనువాదం. ప్రవేశం ఉచితం. సాయంత్రం ఆరున్నరకి తెర లేస్తుంది. ఏడు నెలలుగా మా పందొమ్మిది మందికీ వేరే ధ్యాస లేదు. కన్యాశుల్కం స్క్రిప్టు తగ్గించే పని నా చేతికొచ్చింది. ఆ పని ఎలా సాగిందో మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది.

నేను విశాఖపట్నంలో థియేటర్ ఆర్ట్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు.

మొదటి మీటింగ్ జులైలో జరిగింది. ఏటా ఒక పద్యనాటకం, ఒక తెలుగు సాంఘిక నాటకం, ఒక అనువాద నాటకం వెయ్యడం మా దగ్గర పద్ధతి. పద్యనాటకం పేరు ఐదు నిమిషాల్లో తేలిపోయింది. రాయబారం పద్యాలు మాలో సగం మందికి ఇంట్లో పెద్దవాళ్ల నోట విని వచ్చినవే. ఆంటిగొని కూడా తొందరగానే ఖాయమైంది. సాంఘికం దగ్గరే గంటన్నర వాదించుకున్నాం. ఒకరు ఆత్రేయ ఎన్జీఓ అన్నారు. ఇంకొకరు సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన మా భూమి అన్నారు. కట్నాలు ఇంకా పోలేదు కాబట్టి కాళ్లకూరి వారి వరవిక్రయం వెయ్యాలని ఆడపిల్లలం గట్టిగా పట్టుబట్టాం. చివరికి సార్ ఒక మాట అడిగారు. "విజయనగరం ఇక్కడికి గంటన్నర బస్సు ప్రయాణం. మన పక్క ఊళ్లో పుట్టిన నాటకాన్ని మనం ఎప్పుడు ఆడతాం?" దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

భయం మాత్రం అందరికీ ఉంది. కన్యాశుల్కం అంటే మాటలా! 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడే దాన్ని బాగా పెంచి, తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. ఏడంకాలు, ముప్ఫై మందికి పైగా పాత్రలు. మొదటి కూర్పు చిన్నది కదా, అదే వేద్దామా అని ఒకరు అడిగారు. కానీ మధురవాణి అనే వేశ్య పాత్ర ఇంత మనిషిగా ఎదిగింది రెండో కూర్పులోనే. ఆమెని వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ మధురవాణి పాత్ర కోసం నేనూ ఆడిషన్ ఇచ్చాను. రాలేదు. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. మూడో రోజు సార్ పిలిచి, "నీకు ఆ భాష తెలుసు, ఓపిక ఉంది. స్క్రిప్టు నువ్వు చూడు, స్టేజ్ మేనేజ్‌మెంట్ కూడా నీదే" అన్నారు. ఓదార్చడానికి అంటున్నారేమో అనుకున్నాను. పనిలో దిగాక తెలిసింది, నాటకానికి అంత దగ్గరగా ఏ పాత్ర వేసినా వెళ్లలేకపోయేదాన్నని.

ముందు నాటకం మొత్తాన్ని ఒక్క మాట కూడా వదలకుండా పైకి చదివాం. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఫోన్‌లో టైమర్ పెట్టి కూర్చున్నాను. మొత్తం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. మా హాలు నియమం ప్రకారం తొమ్మిదిన్నరకల్లా తాళం పడాలి. హాస్టల్ గేటుదీ అదే టైమ్. ఇంటర్వెల్ పది నిమిషాలు, సెట్ సర్దడానికి కొంత తీసేస్తే మిగిలేది రెండున్నర గంటలు. అంటే ఆరు గంటల నాటకాన్ని తీసెయ్యాలి. గురజాడ రాసిన ఆరు గంటలు!

పెన్సిల్ పట్టుకుని మొదలుపెట్టాను. మొదట నాకు తేలిగ్గా అనిపించినవి పెద్ద సీన్లు. సారా దుకాణం సీను కథకి అవసరం లేదనుకుని కొట్టేశాను. పేకాట సీనులో నాలుగో వంతు ఉంచాను. రామప్పంతులు, మధురవాణి మాట్లాడుకునే చోట్ల ఒకటి తీసేస్తే కొంపలేం మునగవనుకున్నాను. అసిరిగాడి పాత్ర మొత్తం తీసేశాను. మూడు వారాల్లో రెండు గంటల యాభై నిమిషాలకి దించాను. ఎంత సంతోషపడ్డానో! అందరం కూర్చుని చదివాం. సార్ చివరిదాకా ఏమీ అనలేదు. అయ్యాక పుస్తకం మూసి ఒక్కటే అడిగారు.

"ఈ కంటె ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు చల్లబడింది.

నాటకం చదివినవాళ్లకి తెలుసు. చిన్నపిల్ల సుబ్బిని కన్యాశుల్కం, అంటే పిల్ల కోసం ఇచ్చే డబ్బు, తీసుకుని ముసలి లుబ్ధావధాన్లకి కట్టబెట్టకుండా తప్పించాలని ఆమె మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికే ఆడపిల్ల వేషం వేసి ఆ ముసలాయనకి పెళ్లి చేస్తాడు. ఆ పెళ్లికూతురి మెళ్లోకి మధురవాణి బంగారు కంటెని రామప్పంతులు ఎరువు తీసుకెళ్తాడు. పెళ్లయ్యాక పెళ్లికూతురు మాయం, కంటె మాయం. ఇక అక్కణ్నుంచి కంటె కోసం మధురవాణి రామప్పంతుల్ని పట్టుకుంటుంది, రామప్పంతులు లుబ్ధావధాన్లని పట్టుకుంటాడు. కనిపించకుండా పోయిన పెళ్లికూతుర్ని చంపేశాడని ముసలాయన మీద కేసు. ఆ కేసు వల్లే వకీలు సౌజన్యారావు పంతులు, ఆయన వల్లే చివరి అంకం. నేను కొంపలేం మునగవనుకుని కొట్టేసిన సీన్లోనే కంటె చేతులు మారింది. నా స్క్రిప్టులో నాలుగో అంకం తర్వాత అందరూ ఒక నగ గురించి కొట్టుకుంటున్నారు. ఆ నగ ఎవరిదో, ఎందుకు పోయిందో చూసేవాళ్లకి తెలిసే దారే లేదు.

ఆ రాత్రి హాస్టల్ గదిలో గోడ మీద సీన్లన్నీ చీటీలుగా రాసి అతికించాను. ఎర్ర దారం తీసుకుని కంటె ఎక్కడెక్కడ కనిపిస్తుందో, ఎక్కడెక్కడ దాని మాట వస్తుందో పిన్నులు గుచ్చుకుంటూ వెళ్లాను. తర్వాత పచ్చ దారంతో సుబ్బి పెళ్లి వార్త. నీలం దారంతో సుబ్బి అక్క, చిన్న వయసులోనే వితంతువైన బుచ్చమ్మ గురించి మాటకారి గిరీశం పన్నాగం. తెల్లవారేసరికి గోడంతా సాలెగూడులా తయారైంది. ఏ చీటీ పీకినా కనీసం రెండు దారాలు వదులవుతున్నాయి. కన్యాశుల్కంలో కథ సాగదని, సంభాషణలే తప్ప అల్లిక లేదని ఎక్కడో ఎవరో అంటే నేనూ నమ్మాను. ఆ గోడ ముందు నిలబడితే ఎవరూ ఆ మాట అనలేరు.

రూమ్మేట్ లేచి గోడ చూసి భయపడింది. తర్వాత తనే టీ పెట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

అప్పట్నుంచి పద్ధతి మార్చుకున్నాను. సీన్లు తియ్యడం మానేసి మాటల మధ్యకి వెళ్లాను. పది వాక్యాల సంభాషణలో ఏ మూడు వాక్యాలు ఉంటే మనిషి తెలుస్తాడు, కథ కదులుతుంది అని ఒక్కో పేజీ పట్టుకుని చూశాను. ఇది చాలా నెమ్మది పని. రోజుకి నాలుగు పేజీలు సాగితే గొప్ప. గిరీశం దగ్గర మరీ కష్టం. అతని మాటలు సగం జనానికి కంఠతా వచ్చు. శిష్యుడు వెంకటేశానికి చెప్పే పాఠాల్లో ఒక్క ముక్క కొట్టేసినా ముందు వరసలోంచి ఎవరో ఒకరు అందిస్తారు. మా హార్మోనిస్టు గారు ఇదే మాట హెచ్చరించారు. విజయనగరం సోదరులు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి గార్లు ఈ నాటకం ఆడుతుంటే ఆయన చిన్నప్పుడు చూశారట. గిరీశం అంటే ఆయనకి ఇప్పటికీ రమణమూర్తి గారే. "వాళ్లూ తగ్గించే ఆడారమ్మా. కానీ ఎక్కడ తగ్గించారో మాకు తెలిసేది కాదు" అన్నారు. ఆ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

అసిరిగాడి సంగతి చెప్పాలి. లుబ్ధావధాన్ల ఇంట్లో పనివాడు. నాటకంలో కనిపించేది కాసేపే. తీసేసినా ఏ దారమూ తెగలేదు, గోడ మీద చూసే చెబుతున్నాను. కానీ మా జూనియర్ ఒకబ్బాయి, వరంగల్ నుంచి వచ్చినవాడు, లైట్ల పని చూస్తున్నాడు. ఒకరోజు రిహార్సల్ అయ్యాక దగ్గరికొచ్చి, "అసిరిగాణ్ని మొత్తమే తీసేసిన్రా అక్కా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఆగి, "ఆ ఇంట్ల పనిచేసెటోడు ఒక్కడన్న కనబడకపోతే, ఆ ఇల్లు ఎవరు ఊడుస్తున్నరక్కా?" అన్నాడు.

వాడు వేషం కోసం అడగలేదు. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. అగ్రహారం మొత్తం అక్కడ తినేవాళ్లతో, అబద్ధాలాడేవాళ్లతో నిండిపోయింది, పనిచేసేవాడు ఒక్కడే ఉన్నాడు, వాణ్ని నేను పెన్సిల్‌తో తీసేశాను. మర్నాడు సార్‌తో చెప్పి అసిరిగాడికి మూడు నిమిషాలు వెనక్కి ఇచ్చాను. వేషం కూడా ఆ అబ్బాయికే ఇచ్చారు.

ఇక భాష. వాడి నోట్లో వరంగల్ మాట తీయగా ఉంటుంది, కానీ అసిరిగాడు మా ఉత్తరాంధ్ర మనిషి. నేను చెబితే సిగ్గుపడుతున్నాడని మా అమ్మమ్మకి ఫోన్ కలిపి ఇచ్చాను. అమ్మమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. బడికి వెళ్లలేదు. "తొందరగా రండి" అని వాడు చదివితే, "తొందరేటి బాబూ, బేగి అను. బేగి రండి" అని దిద్దింది. "వెళ్లిపోయాడు" అంటే "ఎల్లిపోనాడు". రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్. వాడు "అమ్మమ్మా, ఇయ్యాల ఏం కూర?" అని మొదలుపెడతాడు, అమ్మమ్మ కూర పేరు చెప్పి, వాడి చేత మళ్లీ మా యాసలో చెప్పిస్తుంది. నెల రోజుల్లో వాడి గొంతు మారిపోయింది. నేను ఇంటర్ చదవడానికి విశాఖ వచ్చిన కొత్తలో ఇవే మాటలకి క్లాసులో నవ్వేవారు. అప్పట్నుంచి నోరు కట్టేసుకుని పుస్తకం భాష అలవాటు చేసుకున్నాను. ఇప్పుడు నలుగురు కుర్రాళ్లు కారిడార్‌లో నడుస్తూ "బేగి రా, బేగి రా" అని ప్రాక్టీస్ చేస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాటకం మొదలు ఎలా ఉండాలన్నది నవంబర్ దాకా తేలలేదు. గురజాడ మొదటి కూర్పుకి ఇంగ్లీషులో ముందుమాట రాశారు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారని అందులో ఉంది. మూడేళ్లలో నమోదైనవి 1,034 పెళ్లిళ్లు. ఐదేళ్ల వయసులో పెళ్లయిన ఆడపిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44 మంది. మూడేళ్లవాళ్లు 36 మంది. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు.

చదివినప్పుడు ఇవి అంకెలే. సార్ వీటిని నాటకానికి ముందు స్టేజి మీద చెప్పిద్దామన్నారు. చీకటి. ఐదుగురు అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు సుద్దముక్కతో నల్లటి నేల మీద అంకె రాసి, పైకి చదివి వెళ్లిపోవాలి. సంగీతం లేదు. మొదటిరోజు నలుగురూ బాగానే చెప్పారు. ఐదో అమ్మాయి మూడు అంకె రాసింది, లేచి నిలబడింది, "ఏడాది పిల్లలు" అన్నాక మాట రాలేదు. వాళ్లక్క కూతురికి ఆ వారమే మొదటి పుట్టినరోజు చేసి వచ్చిందట. సార్ ఆ చోట అలాగే ఆగమన్నారు. ఇప్పుడు ఆ విరామం స్క్రిప్టులో ఉంది. ఏడు సెకన్లు. ఎంత టైమ్ తక్కువైనా ఆ ఏడు సెకన్ల జోలికి నేను వెళ్లను.

ఆ రాత్రి ఫోన్‌లో అమ్మమ్మకి ఈ అంకెలు చదివి వినిపించాను. కన్యాశుల్కాన్ని మా కులంలో ఓలి అనేవారట. వాళ్ల పెద్దమ్మకి ఆరేళ్లకి పెళ్లి చేశారని, పీటల మీద నిద్రపోతే మేనమామ ఒళ్లో పడుకోబెట్టుకుని తాళి కట్టించారని చెప్పింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ నాతో అనలేదు. "నువ్వెప్పుడూ అడగలేదు కదే" అంది.

మధ్యలో చికాకులు చాలా వచ్చాయి. డిసెంబర్‌లో మా రిహార్సల్ హాలు పది రోజులు వేరే కార్యక్రమానికి ఇచ్చేశారు, మాకు ముందు రోజు సాయంత్రం చెప్పారు. డాబా మీద సున్నంతో స్టేజి కొలతలు గీసుకుని ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో చూసుకునే బ్లాకింగ్ అక్కడే చేశాం. గాలికి స్క్రిప్టు కాగితాలు ఎగిరిపోయేవి. ఉన్న పన్నెండు పార్ లైట్లలో రెండు వెలగవు. పద్యనాటకం కిరీటాలు, దుస్తుల అద్దె అనుకున్నదానికి రెండింతలైంది, తలా కొంత వేసుకున్నాం. అయినా శ్రీకృష్ణుడు వేసే అబ్బాయి పొద్దున్నే ఐదింటికి లేచి సముద్రం ఒడ్డున పద్యం ఎత్తుకుంటుంటే వాకింగ్‌కి వచ్చిన పెద్దాయనలు ఆగి తర్వాతి పాదం కలిపేవారు. ఆ నాటకం గురించి నాకు బెంగ లేదు.

కంటె మాత్రం నన్ను వదల్లేదు. రోల్డ్‌గోల్డ్ షాపుల్లో చూశాం. అన్నీ పల్చటి రేకులు, స్టేజి మీద దూరానికి తాడులా కనిపిస్తాయి. కంటె అంటే మెడ చుట్టూ బిగువుగా నిలబడే నగ. వంగకూడదు. చివరికి మధురవాణి వేసే అమ్మాయీ నేనూ శ్రీకాకుళం జిల్లా బుడితి వెళ్లాం. ఇత్తడి పనికి పేరున్న ఊరు. అక్కడ ఒక పెద్దాయన మేం చెప్పింది మొత్తం విని, కన్యాశుల్కం పేరు వినగానే పని ఆపి, "అదా! మధురవాణిది కదా" అన్నారు. బలమైన ఇత్తడి కడ్డీని వంచి, రెండు చివరలా మొగ్గలు పెట్టి, మధ్యలో సన్నటి గీతలు చెక్కి వారంలో ఇచ్చారు. చేతిలో పెట్టగానే బరువు తెలిసింది. బల్ల మీద పెడితే గణగణమంటూ ఒక చిన్న మోత, తర్వాత సన్నటి రొద. ఆ చప్పుడు వెనక వరస దాకా వినిపిస్తుంది.

ఆ చప్పుడు నాకు పన్నెండు నిమిషాలు మిగిల్చింది. మధురవాణి కంటె తీసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి అలా ఉంచి, రామప్పంతులు తీసుకోబోతే ఒక్క క్షణం వదలదు. కంటె విలువ గురించి, ఇవ్వనా మాననా అన్న తర్జనభర్జన గురించి నేను ఉంచుకున్న మాటలు సగం అవసరం లేకుండా పోయాయి. చివర్లో కంటె మాట వచ్చిన ప్రతిసారీ జనం చెవుల్లో ఆ మోత ఉంటుంది. కాగితం మీద ఎంత గింజుకున్నా తగ్గనిది వస్తువు చేతికొచ్చాక తగ్గింది.

సారా దుకాణం సీను కూడా వెనక్కి తెచ్చాను, నాలుగు నిమిషాలకి. అది కథకి అవసరం లేదన్నది ఇప్పటికీ నా అభిప్రాయమే. కానీ ఊరంతా ఏ స్థితిలో ఉందో అక్కడ తెలుస్తుంది. దాన్ని చూశాక సౌజన్యారావు ఇంట్లో సీను వేరేగా వినిపిస్తుంది.

నిన్న గ్రాండ్ రిహార్సల్ అయింది. మొదటిసారి మేకప్, కాస్ట్యూమ్స్, లైట్లతో ఆపకుండా ఆడారు. అసిరిగాడు "బేగి" అనగానే కుర్చీల్లో కూర్చున్న క్యాంటీన్ అక్క గట్టిగా నవ్వి చప్పట్లు కొట్టింది, ఆమెది నరసన్నపేట. మొత్తం రెండు గంటల ముప్ఫై నాలుగు నిమిషాలు వచ్చింది. ఇంకా నాలుగు నిమిషాలు తగ్గాలి. ఎక్కడ తగ్గించాలో నీ ఇష్టం అని సార్ వెళ్లిపోయారు. గిరీశం వేసే అబ్బాయి తనే వచ్చి, "నా మాటల్లో తీసుకోండి, నేను ఏమీ అనుకోను" అన్నాడు. ఆ పేజీలే ముందు పెట్టుకుని కూర్చున్నాను. మూడు నిమిషాల దాకా దొరికాయి.

అమ్మమ్మ రెండో శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి వస్తోంది. అసిరిగాడు ఆమె కోసం ముందు వరసలో కుడి చివర కుర్చీకి ఇప్పుడే చీటీ అతికించి వచ్చాడు. మధురవాణి మెడ మీద కంటె పచ్చగా మరక పెడుతోంది, చెమటకి ఇత్తడి అలాగే చేస్తుందట. చింతపండు నానబెట్టాను. పొద్దున్నే తోమి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి ప్రాపర్టీ పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాలి.